కబురు అందిన గంటలో ఇల్లు కదలగలరా?

ఆశ్వయుజం, కార్తీకం వచ్చాయంటే మన కోస్తా ఆడవాళ్ళకి రెండు పనులు. ఒకటి పండగ దీపాలు పెట్టుకోవడం. రెండోది ‘బంగాళాఖాతంలో అల్పపీడనం’ అన్న మాట చెవిన పడగానే ఆకాశం వంక చూడడం. గోదావరి లంకల్లో ఉండేవాళ్ళకైతే ఆ బెంగ ఆషాఢ శ్రావణాల్లోనే మొదలవుతుంది.

ఒక్క నిమిషం చేతిలో పని పక్కన పెట్టి ఆలోచించండి. ఇప్పటికిప్పుడు ఎవరో తలుపు కొట్టి “అమ్మా, గంటలో ఇల్లు ఖాళీ చెయ్యాలి” అంటే మీరు ఏం పట్టుకుని బయల్దేరతారు?

ఈ మాటే మా వీధిలో నలుగుర్ని అడిగాను. ఒకావిడ ఆలోచించకుండా “బంగారం” అన్నారు. ఇంకొకావిడ “మా మనవడు” అని నవ్వేశారు. మూడో ఆవిడ చాలాసేపు ఆలోచించి “ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరిందండీ, జాడీ వదల్లేను” అన్నారు. పిల్లల పదో తరగతి మార్కుల జాబితా, ఇంటి దస్తావేజు ఎక్కడున్నాయో మాత్రం నలుగురిలో ఒక్కరికే తెలుసు!

నవ్వులాటగా అనుకున్నా ఇందులో ఒక నిజం ఉంది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు అందరికంటే ఆఖర్న గడప దాటేది మనమే. పిల్లల్ని పంపిస్తాం, ముసలివాళ్ళని పంపిస్తాం. మనం మాత్రం “మీరు పదండి, ఈ బియ్యం కాస్త పైకెక్కించి వస్తాను” అంటాం. ఆ ‘కాస్త’ దగ్గరే ప్రమాదం ఉంది. పైసా పైసా కూడబెట్టి అమర్చుకున్న సంసారం కాబట్టి కాలు కదలదు. దానికి మందు ఒక్కటే. ఏది వెంట రావాలి, ఏది భద్రపరచాలి, ఏది వదిలెయ్యాలి అన్నది ఎండ కాస్తున్న రోజునే తేల్చి పెట్టుకోవడం. అప్పుడు కబురు రాగానే ఆలోచన ఉండదు, చేతులకి పనే ఉంటుంది.

మన ఊళ్ళు చెప్పిన పాఠాలు

1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన గురించి వినని ఇల్లు కోస్తాలో లేదు. గాలికంటే సముద్రం ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది. సుమారు 10,000 మంది పోయారని లెక్కలు. మా కోనసీమకైతే 1996 నవంబరు 6 మరిచిపోలేని రాత్రి. అప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. రాత్రంతా కొబ్బరిచెట్లు విరిగి పడుతున్న చప్పుడే. తెల్లారి చూస్తే మా ఊళ్ళో ఏ దారీ దారిలా లేదు. లక్షల చెట్లు నేలకొరిగాయి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

పల్లెలకే ఇవన్నీ అనుకోవద్దు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్నంలో జనం మేడలెక్కి కూర్చున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల ప్యాకెట్టు కోసం బారులు తీరారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. చూస్తుండగానే వీధి చెరువయింది. సముద్రం అక్కడికెంత దూరమో మీకు తెలుసు కదా!

ఈ మధ్యకాలంలో హెచ్చరికలు ముందే వస్తున్నాయి, జనాన్ని ముందే తరలిస్తున్నారు. అందుకే 1977 నాటిలా ప్రాణాలు పోవడం లేదు. కానీ హెచ్చరిక ఎంత ముందొచ్చినా, విని కదిలినవాళ్ళకే అది పనికొస్తుంది.

ఎప్పుడు కదలాలి?

“ఆయన రానీ, చూద్దాం” అనే మాట ఈ విషయంలో పనికిరాదు. మా వైపు చాలా ఇళ్ళల్లో భర్తో భార్యో కువైటులోనో మస్కట్టులోనో ఉంటారు. ఇంటి దగ్గర ఉండేది పెద్దవాళ్ళు, పిల్లలు. మత్స్యకారుల ఇళ్ళల్లో మగవాళ్ళు వేటకి వెళ్ళి ఉండొచ్చు. కాబట్టి ‘ఈ గుర్తు కనపడితే బయల్దేరిపోతాం, ఎవర్నీ అడగం’ అని ఇంటిల్లిపాదీ ముందే మాట అనేసుకోవాలి.

తుఫానుకి: వాతావరణ శాఖవారు తీరం దాటడానికి 48 గంటల ముందు అప్రమత్తం చేస్తారు, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇస్తారు. టీవీలో రంగులు కూడా చెబుతారు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక పనిలోకి దిగండి అని అర్థం. మీది సముద్రం ఒడ్డు ఊరైనా, పాక అయినా, పాత పెంకుటిల్లయినా నారింజ రంగు నాడే మూటలు కట్టెయ్యండి. ఖాళీ చెయ్యమని చాటింపు వేస్తే మరో మాట వద్దు.

గోదావరి వరదకి: భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులయితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. పైన భద్రాచలంలో పెరుగుతోందంటే కింద లంకలకి ఇంకా కొంత వ్యవధి ఉందన్నమాట. ఆ వ్యవధిలోనే కదలాలి. కాజ్‌వే మునిగాక పడవ కోసం నిలబడాలి. పిల్లలతో, మూటలతో పడవెక్కడం కంటే ముందురోజు ఆటో ఎక్కడం సుఖం కాదూ?

ఇంకొక్క మాట. తుఫాను కన్ను మీ ఊరి మీదుగా వెళ్తే భోరున వీచే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆకాశం తేటగా కూడా కనిపిస్తుంది. “హమ్మయ్య, తగ్గింది” అని బయటికి రాకండి. కాసేపట్లో అంతే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మొదటి గాలికి సగం విరిగిన చెట్లు, రేకులు రెండో గాలికి పడతాయి. తగ్గిందని అధికారులు చెప్పేదాకా ఉన్నచోటే ఉండండి.

సామాను మూడు వాటాలు

ఒక మధ్యాహ్నం కాగితం, కలం పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. ప్రతి వస్తువునీ మూడింట్లో ఒక వాటాలో వెయ్యండి: వెంట వచ్చేవి, భద్రపరిచేవి, వదిలేసేవి.

మొదటి వాటా: వెంట వచ్చేవి

ఇవి రెండు సంచులకి మించకూడదు. ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని రెండో చేత్తో మొయ్యగలిగినంతే ఉండాలి. భుజానికి తగిలించుకునే స్కూలు సంచులైతే చేతులు ఖాళీగా ఉంటాయి.

కాగితాల సంచి: ఇంట్లో కాగితాలన్నీ ఒకచోటికి చేర్చడమే పెద్ద పని. బీరువాలో కొన్ని, ఆయన సూట్‌కేసులో కొన్ని, దేవుడి గూట్లో కొన్ని ఉంటాయి. ఇవన్నీ వెతికి పెట్టండి.

- ఆధార్ కార్డులు, రేషను కార్డు, ఓటరు కార్డులు
- ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, పన్ను రశీదులు
- బ్యాంకు పుస్తకాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు
- పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ పత్రాలు
- ఆరోగ్యశ్రీ కార్డు, పెద్దవాళ్ళ మందుల చీటీలు, ఆపరేషన్ అయి ఉంటే ఆ ఫైలు
- పాస్‌పోర్టులు, గ్యాస్ పుస్తకం, డ్వాక్రా గ్రూపు పుస్తకం మీ దగ్గర ఉంటే అదీ

వీటిని రెండు పొరల పాలిథిన్ కవర్లో పెట్టి, నోరు మడిచి గట్టిగా కట్టి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. దస్తావేజుల అసలు ప్రతులకి లామినేషన్ మాత్రం చేయించకండి. స్టాంపులు, సంతకాలు పరిశీలించాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది అవుతుంది. ప్రతిదానికీ జిరాక్సు తీయించి ఆ సెట్టు వేరే ఊళ్ళో ఉన్న పుట్టింటివారి దగ్గరో ఆడపడుచు దగ్గరో ఉంచండి. ఫోనుతో ఫొటోలు తీసి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లలకి పంపి ఉంచితే మరీ మంచిది. ఆధార్, మార్కుల జాబితాల వంటివి డిజీలాకర్లో కూడా పెట్టుకోవచ్చు. మీకు రాకపోతే ఇంటర్ చదివే అమ్మాయికి అప్పజెప్పండి, పది నిమిషాల్లో చేసేస్తుంది.

అవసరాల సంచి:

- రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు కనీసం వారానికి సరిపడా. ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే కరెంటు లేనప్పుడు ఎలా ఉంచాలో డాక్టరుగారిని ముందే అడిగి పెట్టుకోండి.
- జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, గాయాల మందు
- టార్చిలైటు, విడి బ్యాటరీలు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, చిన్న రేడియో
- మనిషికి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక తువ్వాలు
- నెలసరికి కావలసినవి. ఇది చెప్పుకోడానికి సిగ్గుపడి మరిచిపోతాం. షెల్టరుకి వెళ్ళాక ఎవర్నీ అడగలేం.
- సబ్బు, ఒక మగ్గు, చిన్న బకెట్టు. నూరు మంది ఉన్న బడిలో మగ్గు విలువ అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది!
- పసిపిల్లలుంటే గుడ్డలు, పాలపొడి, చెంచా, గిన్నె
- చిల్లర డబ్బులు. 10, 20, 50, 100 నోట్లు. కరెంటు పోతే ఏటీఎం పనిచెయ్యదు, ఫోన్లో డబ్బు కట్టడం కుదరదు. విశాఖవాళ్ళని అడగండి, హుద్‌హుద్ తర్వాత చేతిలో నోటున్న వాళ్ళదే రాజ్యం.

బంగారం సంగతి: తుఫాను కాలం ముందే బ్యాంకు లాకర్లో పెట్టడం ఉత్తమం. ఇంట్లో ఉన్నది చిన్న గుడ్డ సంచిలో వేసి లోపల నడుముకి కట్టుకోండి. ఉన్నవన్నీ మెళ్ళో వేసుకుని వెళ్ళకండి. షెల్టరులో నిద్ర పట్టదు. మూటలో పెట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి.

రెండో వాటా: భద్రపరిచేవి

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వరదకి కింద పెట్టకూడదు, గాలివానకి పైన పెట్టకూడదు! వరద వస్తుందంటే అన్నీ అటకెక్కిస్తాం, బాగానే ఉంటుంది. అదే అలవాటుతో గాలివానకి కూడా ట్రంకుపెట్టెలు అటకెక్కిస్తే, పెంకులు లేచిపోయాక వాన మొత్తం వాటి మీదే పడుతుంది. 1996లో మా ఊళ్ళో పెంకుటిళ్ళవాళ్ళ పట్టుచీరలు చాలామటుకు అలాగే పాడయ్యాయి. గదిలో మంచం కింద తోసిన పెట్టెలు మాత్రం బాగున్నాయి. కాబట్టి మీ ఇంటికి వచ్చే ముప్పు ఏదో ముందు తెలుసుకోండి.

గాలి ముప్పు అయితే: కప్పు గట్టిగా ఉన్న గది ఎంచుకోండి. కిటికీకి దూరంగా, లోపలి గోడవారన, బల్ల మీదో మంచం మీదో సామాను పేర్చి పైన పాలిథిన్ పరదా కప్పి తాడుతో కట్టండి. మీది పెంకుటిల్లు, పక్కవాళ్ళది డాబా అయితే ట్రంకుపెట్టె ఒక్కటి వాళ్ళింట్లో పెట్టుకోనిమ్మని ఎండాకాలంలోనే అడిగి ఉంచండి. ఎవరూ కాదనరు.

నీటి ముప్పు అయితే: పాతవాళ్ళు గోడ మీద చూపించే వరద గుర్తు కంటే రెండడుగులు పైకి ఉండాలి. అటక, మేడ మీద గది, లేకపోతే ఇటుకలు పేర్చి దాని మీద బల్ల వెయ్యండి.

రెండింటి ముప్పూ ఉన్న సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో సామాను మీద ఆశ పెట్టుకోకుండా విలువైనది ముందురోజే మెరక మీద ఉన్న చుట్టాలింటికి పంపడం మేలు.

ఇక వస్తువుల వారీగా:

బియ్యం, పప్పులు: గోనె సంచుల్లోంచి తీసి మూత బిగుతుగా ఉండే డ్రమ్ముల్లోకో రేకు డబ్బాల్లోకో మార్చండి. మూత చుట్టూ పాలిథిన్ కప్పి తాడుతో బిగించండి. కాస్త ఉప్పు, పంచదార, అగ్గిపెట్టెలు విడిగా సీసాల్లో పోసి ఉంచితే తిరిగొచ్చిన రోజు టీ పెట్టుకోవచ్చు.

చీరలు: పట్టుచీరల్ని ముందు పాత తెల్లటి పంచెలో చుట్టి, ఆ పైన పాలిథిన్ కవర్లో పెట్టండి. తిరిగి వచ్చిన వెంటనే విప్పి గాలికి ఆరబెట్టండి. కవర్లోనే ఉంచితే చెమ్మ పట్టి మచ్చలు పడతాయి.

పెళ్ళి ఫొటోలు: ఆల్బమ్ బరువు, వెంట తీసుకెళ్ళలేం. ఇప్పుడే ముఖ్యమైన ఫొటోలకి ఫోనుతో ఫొటో తీసి పంపి ఉంచండి. పోయిన మా నాన్నగారి ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. నాలుగు కాపీలు తీయించి నలుగురు తోబుట్టువులకీ పంచాను.

మిక్సీ, గ్రైండరు, టీవీ: ప్లగ్గులు పీకి, వైర్లు చుట్టి, పైకెక్కించండి. ఫ్రిజ్‌ని ఇటుకల మీద ఎత్తడం ఇద్దరి పని. టైము లేకపోతే వదిలెయ్యండి.

మూడో వాటా: వదిలేసేవి

ఇది రాయడం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముఖ్యం. మంచాలు, బీరువా, ఇత్తడి బిందెలు, గుండిగలు, ఆవకాయ జాడీలు, పొయ్యి దగ్గరి కొబ్బరికాయల గుట్ట... వీటి పేర్లు మీ చేత్తో మీరే రాసి ‘వదిలెయ్యాలి’ అని పక్కన గీత గియ్యండి. ఇత్తడి నీళ్ళల్లో కరగదు, తోముకుంటే మెరుస్తుంది. బీరువా తడిస్తే ఆరుతుంది. దస్తావేజుకి రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది, బ్యాంకు పుస్తకం కొత్తది ఇస్తారు. నకలు దొరకనిది మనిషి ఒక్కటే. ఆ కాగితం తలుపు వెనకాల అంటించి ఉంచండి. ఆ రోజు మీ మనసు వెనక్కి లాగినప్పుడు ఆ కాగితం ముందుకి తోస్తుంది.

ఇంకో చిన్న పని. ఇల్లంతా గదుల వారీగా ఫోనుతో ఫొటోలు తీసి ఉంచండి. ఇంటికి బీమా ఉంటే క్లెయిము అడిగేటప్పుడు, నష్టం రాసుకోడానికి వచ్చేవాళ్ళకి చూపించేటప్పుడు పనికొస్తాయి.

తలుపు వేసే ముందు పది నిమిషాలు

ఇవి వరస తప్పకుండా చెయ్యండి. పిల్లలకి కూడా నేర్పండి.

1. గ్యాస్ స్టవ్ ఆపి, రెగ్యులేటరు తీసి, సిలిండరుకి మూత పెట్టండి. సిలిండరు నిలబెట్టి కిటికీ ఊచకి తాడుతో కట్టండి. ఖాళీ సిలిండరు నీళ్ళల్లో తేలి కొట్టుకుపోతుంది.
2. కరెంటు మెయిన్ స్విచ్ ఆపెయ్యండి. నీళ్ళల్లో నిలబడి మాత్రం స్విచ్‌ ముట్టుకోవద్దు.
3. మేడ మీది నీళ్ళ ట్యాంకు నిండా నింపి ఉంచండి. ఖాళీ ట్యాంకుని గాలి ఎత్తి పారేస్తుంది. తిరిగొచ్చాక ఆ నీళ్ళు వాడకానికి ఉంటాయి.
4. వాకిట్లో పూలకుండీలు, రేకులు, బకెట్లు, బట్టలారేసే గడలు లోపల పెట్టండి. గాలిలో రేకుముక్క కత్తి లాంటిది.
5. వరదకి మరుగుదొడ్డి గుంటలో ఇసుక మూట పెట్టండి. లేకపోతే మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తుంది.
6. ఆవుల్ని, గేదెల్ని ఏటిగట్టు మీదికో మెరకకో ముందే తోలించండి. అది కుదరకపోతే కట్టుతాళ్ళు విప్పెయ్యండి. కట్టేసి వెళ్ళిన పశువుకి ఈదే దారి కూడా ఉండదు. కోళ్ళగంప, కుక్క మెడలో గొలుసు కూడా అంతే.
7. ఎక్కడికి వెళ్తున్నారో పక్కింటివారికి, ఊళ్ళో లేని మీవాళ్ళకి చెప్పి తాళం వెయ్యండి.

ఎవరి పని ఏది?

ఒక్క ఇల్లాలి మీదే అన్నీ పడితే గంట చాలదు. పనులు పంచండి. పెద్దమ్మాయి కాగితాల సంచి, అబ్బాయి గ్యాసు, కరెంటు, మావగారు మందులు, మీరు తిండి, నీళ్ళు... ఇలాగ. నడవలేని అత్తగారుంటే ఆవిణ్ణి ఎవరు, ఏ బండి మీద తీసుకెళ్ళాలో ముందే మాట్లాడి పెట్టండి. ఆవిడ “నేను రానర్రా, ఈ ఇంట్లోనే ఉంటాను” అనడం ఖాయం. తగువులాడకుండా అందరికంటే ముందు, వాన పడకముందే, చుట్టపుచూపుగా వెళ్తున్నట్టు పంపించెయ్యండి. నెలలు నిండిన కోడలో కూతురో ఉంటే నారింజ రంగు కూడా చూడొద్దు, ఆసుపత్రి ఉన్న పట్నానికి ముందే చేర్చండి. పసిపిల్లల జేబులో తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పిన్నీసు గుచ్చండి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు: ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకి 108, జిల్లా కంట్రోల్ రూముకి 1077, గ్యాస్ లీకుకి 1906. ఫోనులో ఉంటే చాలదు, కాగితాల సంచిలో కూడా రాసి ఉంచండి.

వెంట తీసుకెళ్ళే తిండి

షెల్టరులో భోజనం పెడతారు. కానీ మొదటి పూట ఆలస్యం కావచ్చు, పిల్లలు ఆగలేరు. పొయ్యి అక్కర్లేనివి, నాలుగైదు రోజులు నిలవుండేవి చేసి పెట్టుకోండి. అటుకులు, మరమరాలు, బెల్లం, జంతికలు, చెక్కలు, సున్నుండలు మంచివి. పులిహోర ఆ పూటకే చాలు. పెరుగన్నం కలుపుకుని వెళ్ళకండి, ఉక్కలో పులిసిపోతుంది. మనిషికి రోజుకి మూడు లీటర్లన్నా మంచినీళ్ళు ఉండాలి.

పుట్నాల సత్తు: పుట్నాల పప్పు 2 గ్లాసులు, తురిమిన బెల్లం 1 గ్లాసు, యాలకులు 4. పప్పుని వట్టి మూకుడులో వెచ్చబెట్టి చల్లారాక మెత్తగా పొడి కొట్టండి. బెల్లం, యాలకులు వేసి ఇంకోసారి తిప్పి డబ్బాలో అదిమి పెట్టండి. పెద్దవాళ్ళు అలాగే తినొచ్చు. పిల్లలకి మంచినీళ్ళతో జారుగా కలిపి పట్టండి. పళ్ళు లేని తాతగారికి కూడా ఇబ్బంది లేదు.

కారం అటుకులు: సన్న అటుకులు పావుకిలో, పల్లీలు గుప్పెడు, పుట్నాలు గుప్పెడు, ఎండుమిర్చి 4, కరివేపాకు, పసుపు, ఉప్పు. అటుకుల్ని సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించి తియ్యండి. రెండు చెంచాల నూనెలో పల్లీలు, మిర్చి, కరివేపాకు, పుట్నాలు వేయించి పసుపు, ఉప్పు వేసి అటుకులు కలపండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యండి.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరగానే చీపురు పట్టుకోవాలని చేతులు పీకుతాయి. ఆగండి. ముందు ఫొటోలు తియ్యండి, పడిన గోడ, తడిసిన సామాను, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఆ మచ్చ. శుభ్రం చేసేశాక నష్టం చూపించడం కష్టం.

లోపలికి కర్ర చప్పుడు చేసుకుంటూ వెళ్ళండి. వరద తర్వాత పాములు, తేళ్ళు బట్టల మూటల్లో, పొయ్యి వెనకాల దూరి ఉంటాయి. తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గియ్యొద్దు. తడిసిన మిక్సీ, మోటారు, ఫ్రిజ్‌ మెకానిక్ చూసేదాకా ఆన్ చెయ్యొద్దు. తెగిన కరెంటు తీగల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

నీళ్ళు కళపెళ మరిగించి చల్లార్చే తాగండి. బావిలో బ్లీచింగ్ పౌడరు ఎంత వెయ్యాలో ఆశా కార్యకర్తనో పంచాయతీ వాళ్ళనో అడిగి వేయించండి.

వరదనీళ్ళు తగిలిన బియ్యం, పప్పు, పచ్చళ్ళు, మందులు పారెయ్యాలి. జాడీకి వాసెన గట్టిగానే ఉంది కదా అని ఆశ పడకండి. ఆ నీళ్ళల్లో మురుగు ఉంటుంది. ఆవకాయ మళ్ళీ ఏడు పెట్టుకోవచ్చు, పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఎవరు పడతారు?

తడిసిన చీరల్ని మూటలో ఉంచకండి, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది. దేనికది విడదీసి మంచినీళ్ళల్లో జాడించి నీడలో ఆరెయ్యండి. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటే లాగొద్దు. పళ్ళెంలో మంచినీళ్ళు పోసి నాననిచ్చి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి వచ్చేలా నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి.

ఈ వారంలోనే...

ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదు. సోమవారం కాగితాలు వెతకండి. మంగళవారం జిరాక్సులు, ఫొటోలు. బుధవారం మందులు, టార్చి, చిల్లర. గురువారం మూడు వాటాల పట్టీ. శుక్రవారం సత్తు డబ్బా. ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు గడియారం పెట్టి, “గంటలో బయల్దేరాలి” అని ఒక్కసారి ఆటలా ఆడి చూడండి. పిల్లలకి భలే సరదా. ఏది కనపడటం లేదో, ఎవరి పని మిగిలిపోయిందో అప్పుడే తెలిసిపోతుంది. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యే జ్యేష్ఠంలో ఒకసారి, దసరా ముందు ఒకసారి, సంచులు విప్పి మందుల తేదీలు, బ్యాటరీలు చూసుకోండి.

ఏ గాలీ రాక, ఏ నీరూ రాక ఆ సంచులు అలాగే ఉండిపోతే అంతకంటే కావలసిందేముంది! సత్తుపిండి పిల్లలకి పెట్టెయ్యండి, కొత్తది చేసి ఉంచండి. వచ్చిందా... సంచి భుజాన వేసుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని, అందరితోపాటే గడప దాటండి. ఆఖర్న కాదు.